పాతబస్తీలో రెండు రోజులు (శుక్ర, శని): మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, పదేళ్ల పాపతో

గోదారిగట్టు
నమస్కారం అండి. రాజమండ్రి నుంచి నలుగురం వస్తున్నాం. అమ్మగారికి 68. నడుస్తారు గానీ మెట్లంటే మెల్లగా, గంట దాటితే కూర్చోవాలి. పాపకి పదేళ్లు. గౌతమిలో శుక్రవారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగుతాం, శనివారం రాత్రి బండికి తిరుగు ప్రయాణం. గోల్కొండ, ఫిల్మ్ సిటీ ఏవీ వద్దు, పాతబస్తీ ఒక్కటే నింపాదిగా చూడాలి. నేను వేసుకున్న లెక్క: శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, మక్కా మసీదు, శనివారం చార్మినార్, లాడ్‌బజార్, ముత్యాలు. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

పత్తర్‌గట్టి_పాదచారి
మొదటి రోజే తప్పిందండి. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. చౌమహల్లాకీ సెలవే. పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియం కూడా అంతే. మక్కా మసీదులో ఆరోజు జుమ్మా నమాజు, చూడ్డానికి వెళ్లే రోజు కాదు. మీ శుక్రవారం మొత్తం మూసిన గేట్ల ముందు ఫొటోలతో అయిపోయేది. ఈ నాలుగూ తెలియక వచ్చేవాళ్లు వారానికొకరు ఈ వేదికలో కనిపిస్తూనే ఉంటారు, మీరే మొదటివారు కాదు.

రైలు టికెట్లు మార్చక్కర్లేదు, రోజులు తిప్పేస్తే చాలు. చార్మినార్‌కి వారపు సెలవు లేదు. బజారుకి శుక్రవారం అడ్డు కాదు, మధ్యాహ్నం నమాజు వేళ తప్ప. అంటే శుక్రవారం రాళ్లూ వీధులూ, శనివారం గదులూ అద్దాల బీరువాలూ.

శుక్రవారం పొద్దున్న ఇలా చేయండి. సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టేట్టయితే ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి, జిప్పుకి తాళం లేకపోతే తీసుకోరు. తర్వాత మెట్రో. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు: సికింద్రాబాద్ ఈస్ట్ బ్లూ లైన్, సికింద్రాబాద్ వెస్ట్ గ్రీన్ లైన్. మీకు కావాల్సింది వెస్ట్. అక్కడ ఎక్కితే బండి మారకుండా నేరుగా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్), అదే ఆఖరు స్టేషన్. ఈస్ట్‌లో ఎక్కితే మధ్యలో లైను మారాల్సి వస్తుంది. చార్మినార్ దగ్గర మెట్రో స్టేషన్ లేదు. ఎంజీబీఎస్ నుంచి ఆటోలో నయాపూల్ (మూసీ మీది వంతెన) దాటి దిగండి, అక్కణ్నుంచి నడక.

నయాపూల్ దగ్గరే ఎందుకంటే, ఈ ఊరిని ఉత్తరం నుంచి దక్షిణానికి నడిస్తేనే అర్థమవుతుంది. వంతెన దాటుతుంటే కుడివైపు హైకోర్టు ఎర్రరాతి గుమ్మటాలు, ఎడమవైపు సాలార్‌జంగ్, వెనక్కి తిరిగితే అవతలి గట్టున ఉస్మానియా ఆసుపత్రి. తిన్నగా వస్తే మదీనా చౌరస్తా. దాని తర్వాత రోడ్డుకి రెండు పక్కలా ఒకే ఎత్తున రాతి కమానుల వరస మొదలవుతుంది, అదే పత్తర్‌గట్టి. 1908 వరద తర్వాత ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కట్టించిన దుకాణాల వరస అది. దుకాణాలు తెరిచాక కట్టడం కనపడదు, బోర్డులూ వేలాడే బట్టలూ తప్ప. షట్టర్లు దించి ఉన్న వేళ, అంటే 7 నుంచి 9 మధ్య చూడాలి. ఆ తర్వాత మచిలీ కమాన్, గుల్జార్ హౌజ్ (పాత నీటి ఫౌంటెన్), చార్మినార్. మదీనా నుంచి చార్మినార్‌కి కిలోమీటరు కూడా లేదు, అమ్మగారి నడకకైనా మధ్యలో ఆగుతూ అరగంట.

మూసీవొడ్డు
అన్న చెప్పింది కరెక్టే. జెర ఒక మాట జోడిస్త. పొద్దుగాల్నే పోతే అవ్వకు గూడ మంచిగుంటది, ఎండ ఉండది, బండ్లు తక్వ. చార్మినార్ సుట్టు ఇప్పుడు బండ్లు రానియ్యరు, మొత్తం రాళ్లు పరిచి నడిచేటోళ్లకే ఇడిచిన్రు. గందుకే ఆటో సీదా చార్మినార్ కాడ దింపుతా అంటే నమ్మకుర్రి, పక్క గల్లీల్ల తిప్పి యాడ్నో దింపుతడు. కారేసుకొని వస్తే ఇంక లొల్లి, పార్కింగ్ దొరికే లోపల పొద్దు గూకుతది. వానాకాలమైతే ఆ పరిచిన రాళ్లు నున్నగ జారుతయి, అవ్వకు రబ్బరు అడుగున్న చెప్పులెయ్యుర్రి.

గోదారిగట్టు
అమ్మో, శుక్రవారం సంగతి అసలు తట్టలేదండి. మరి చార్మినార్ పైకి అమ్మ ఎక్కగలరా? పాపకి మాత్రం ఎక్కి తీరాలని ఉంది.

డంగుసున్నం
ఎక్కించకండి. మినార్‌లో మొత్తం 149 మెట్లున్నా చూసేవాళ్లని మొదటి అంతస్తు వరకే వదులుతారు. కానీ ఆ కొద్ది మెట్లే ఇబ్బంది. మినార్ లోపల చుట్లు తిరుగుతూ వెళ్తాయి, ఒక్కొక్కటి మామూలు ఇంటి మెట్టుకన్నా ఎత్తు, లోపలి అంచు వైపు పాదం పట్టనంత సన్నం, వెలుతురు తక్కువ. వెనక జనం ఉంటే మధ్యలో ఆగడానికి చోటుండదు. మోకాలి నొప్పికి ఎక్కడం కంటే దిగడం ఎక్కువ కష్టం, అది పైకి వెళ్లాక గానీ తెలియదు. ఒకరు పాపతో ఎక్కండి, ఒకరు అమ్మగారితో కింద కూర్చోండి. టికెట్ మనవాళ్లకి కౌంటర్లో 25 రూపాయలు, క్యూఆర్ స్కాన్ చేసి కడితే 20, పదిహేనేళ్లలోపు పిల్లలకి లేదు. తొమ్మిదిన్నరకి తెరుస్తారు. తెరవగానే ఎక్కితే మెట్లమీద ఎదురుపడేవాళ్లు ఉండరు.

పైనుంచి పాపకి చూపించాల్సింది ఊరి గీత. ఉత్తరం వైపు వంగి చూస్తే చార్‌కమాన్ అనే నాలుగు కమానులూ మధ్యలో గుల్జార్ హౌజూ ఒకే సూత్రానికి కట్టినట్టు కనపడతాయి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్‌ని కూడలిగా నిలబెట్టి నాలుగు దిక్కులకీ నాలుగు రోడ్లు తీశాడు, ఊరు ఆ రోడ్ల చుట్టూ పెరిగింది. మినార్ల మధ్య గడియారాలు మాత్రం చాలా తర్వాతవి, 1889లో పెట్టినవి. అన్నిటికన్నా పైన పడమటి వైపు చిన్న మసీదు ఉంది, 45 మంది నమాజు చేసే చోటు. అక్కడికి వెళ్లనివ్వరు.

కింద కూర్చున్నవాళ్లకీ పని ఉంది. కమాను అంచుల్లో గచ్చుపని చూడండి. లోపల రాయి, పైన డంగుసున్నం. సున్నాన్ని గానుగలో నలిపి బెల్లం నీళ్లూ కరక్కాయ రసం లాంటివి కలిపి, పచ్చిగా ఉన్నప్పుడే చేత్తో పూలు తీసేవారు. అందుకే ఏ రెండు పూలూ అచ్చంగా ఒక్కలా ఉండవు, అచ్చు పోసినవి కావు గనక. దీని బలహీనత నీరు. పగుల్లోంచి తేమ లోపలికి దిగితే రాయికీ సున్నానికీ మధ్య పట్టు వదిలిపోతుంది. 2019 మే నెలలో వాన తర్వాత ఒక మినార్ నుంచి పెద్ద పెచ్చు ఊడిపడింది. మరమ్మతు చేసిన చోటు రంగు తేడాగా కనపడితే అది సిమెంటు కాదు, కొత్త సున్నం ఇంకా ముదరలేదని అర్థం. సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని పక్కన ఉన్న పాత గచ్చుని కూడా లాగేస్తుంది.

కెమెరాకన్ను
ఫొటోల గురించి ఒక ముక్క. అందరూ పత్తర్‌గట్టి వైపు నుంచి, అంటే ఉత్తరం నుంచి తీస్తారు. మన దేశంలో ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణంగా వంగి ఉంటాడు కాబట్టి అటునుంచి చార్మినార్ నల్లటి బొమ్మలా వస్తుంది, ఆకాశం తెల్లగా పోతుంది. పొద్దున్న 8 ప్రాంతంలో తూర్పున సర్దార్ మహల్ రోడ్డు నుంచి తీయండి, సాయంత్రం నాలుగు తర్వాత పడమట లాడ్‌బజార్ లోంచి. ఉత్తరం నుంచే కావాలంటే పొద్దుగూకి దీపాలు వెలిగిన తర్వాతి ఇరవై నిమిషాలు, ఆకాశం ఇంకా నీలంగా ఉండగా. చార్మినార్ లోపల ట్రైపాడ్‌కి ముందస్తు అనుమతి కావాలి. డ్రోన్ సంగతి మరిచిపోండి.

డంగుసున్నం
పైన పాదచారి గారు చెప్పిన దారిలో ఒకటి వదిలేశారు, నా లెక్కలో పాతబస్తీ మొత్తానికీ అదే మొదటిది. బాద్‌షాహీ ఆశుర్‌ఖానా. మదీనా చౌరస్తా దగ్గర హైకోర్టు వైపు వెళ్లే రోడ్డులో గేటు ఉంటుంది. వేలమంది దాని ముందునుంచే నడిచిపోతారు, తల తిప్పరు. చార్మినార్ లేచిన కొన్నేళ్లకే అదే కులీ కుతుబ్ షా కట్టించాడు. మొహర్రంలో ఆలములు, అంటే పీర్లు, నిలబెట్టే చోటు. ఏ మతంవాళ్లయినా వెళ్లొచ్చు, చెప్పులు బయట, తలమీద కొంగో దుపట్టానో ఉంటే మర్యాద. మెట్ల బాధ పెద్దగా లేదు, అమ్మగారికి అనువైన చోటు.

ముందున్న ఎత్తైన కొయ్య స్తంభాల చావడి అసఫ్‌జాహీల (నిజాముల) కాలంలో చేర్చింది. దాన్ని దాటి లోపలి గోడల దగ్గరికి వెళ్లండి. నీలం, పసుపు, ఆకుపచ్చ మెరుగు పలకల్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, గోడమీద ఆలముల ఆకారంలో పేర్చారు. ఇప్పుడు గోడకి ఎదురుగా కాకుండా పక్కగా, చెంప గోడకి ఆనించినంత దగ్గరగా నిలబడి పైనుంచి కిందికి చూడండి. పైభాగం వెలుగుకి తళుక్కుమంటుంది, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి కీలు గీత కనపడుతుంది. కిందికి వచ్చేసరికి ఒక మట్టం దగ్గర ఆ మెరుపు ఆగిపోతుంది. డిజైను అలాగే కొనసాగుతుంది గానీ కీళ్లు లేవు, మెరుగు లేదు, అది కుంచెతో గీసిన రంగు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఈ గోడల్లోకి వచ్చింది. నీట నానిన కింది పలకలు పోతే, ఆ ఖాళీని తర్వాత రంగుతో పూడ్చారు. ఊళ్లో వరద మట్టం గుర్తులు వెతుక్కునేవాళ్లకి ఇంతకన్నా మంచిది దొరకదు. పాపని ఆ గీత కనిపెట్టమనండి, అరగంట గడిచిపోతుంది.

గోదారిగట్టు
ఇది అసలు ఎక్కడా చదవలేదండి. మా గోదారికీ వరద గుర్తులున్నాయి గనక అమ్మకి నచ్చుతుంది. తిండి సంగతి? అమ్మ, నేను శాకాహారం. మా ఆయన, పాప అన్నీ తింటారు.

సాసర్‌లో_చాయ్
శాకాహారులకి పొద్దున్న గుల్జార్ హౌజ్ పక్కన గోవింద్ బండి, దోసె, ఇడ్లీ. వెన్న, కారప్పొడి ధారాళంగా పడతాయి, అమ్మగారికి తక్కువ వేయమని ముందే చెప్పండి. పోస్తున్నప్పుడు చెబితే ఆలస్యం, అప్పటికే పడిపోయి ఉంటుంది. నిలబడే తినాలి. కూర్చోవాలంటే పొట్లం కట్టించుకుని చార్మినార్ దగ్గరికి తెచ్చుకోండి.

మాంసాహారులకి పొద్దున్న నహారీ, కుల్చా. మదీనా చుట్టుపక్కల షాదాబ్, నయాబ్ లాంటి హోటళ్లలో తెల్లవారుజామునే మొదలవుతుంది. రాత్రంతా సన్న సెగమీద ఉడికిన కాళ్ల పులుసు అది. తొమ్మిది దాటాక వెళితే గిన్నె అడుగుది దొరుకుతుంది, లేదా అదీ దొరకదు. బిర్యానీకి మాత్రం మధ్యాహ్నం పన్నెండున్నర లోపే కూర్చోండి. శుక్రవారం నమాజు అయ్యాక టేబుల్ ఖాళీ ఉండదు.

చార్మినార్‌ని ఆనుకునే నిమ్రా. ఇరానీ చాయ్ ఇంట్లో చాయ్‌లా అన్నీ కలిపి మరిగించేది కాదు. డికాక్షన్ ఒక పక్క మూతపెట్టిన గిన్నెలో సన్నగా కాగుతూ ఉంటుంది, పాలు ఇంకో గిన్నెలో చిక్కబడుతూ ఉంటాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. చక్కెర ముందే పడి ఉంటుంది, తగ్గించమని అడిగి లాభం లేదు. మధుమేహం ఉన్నవాళ్లు వన్ బై టూ చెప్పండి, ఒక చాయ్ ఇద్దరికి పోసి ఇస్తారు. ఉస్మానియా బిస్కెట్లు వేడిగా దొరికితే అక్కడే తినండి. ఊరికి తీసుకెళ్లడానికి వేడివి డబ్బాలో పెట్టించుకోకండి, ఆవిరి పట్టి రాజమండ్రి చేరేసరికి మెత్తబడతాయి. ప్రయాణం రోజు సాయంత్రం, చల్లారిన ట్రే లోంచి కట్టించుకోండి.

శనివారం ఎలాగూ పురానీ హవేలీ వైపు వెళితే మున్షీ నాన్ దుకాణం ఉంది, 1851 నుంచీ. చార్‌కోనీ నాన్, నాలుగు మూలలది. తందూర్ లోపలి గోడకి చరిచి కాలుస్తారు. మూడు గంటలు దాటితే అట్టలా బిగుసుకుంటుంది. పారేయక్కర్లేదు, నీళ్లు చిలకరించి పెనం మీద మూతపెట్టి ఒక నిమిషం.

మూసీవొడ్డు
గోవింద్ బండి కాడ పదింటికి పోతే లైనే లైను. ఎనిమిదింటికి పోర్రి.

గోదారిగట్టు
సరేనండి. ఇక అసలు సంగతి, గాజులు. మా ఆడపడుచులు ఇద్దరు కొలతలు చెప్పి పంపారు, ఒకరికి 2-4, ఒకరికి 2-6. పాపకి కొలత తెలీదు. ముత్యాలూ కొనాలి, మోసపోకుండా ఎలా?

లక్కముద్ర
కొలత ముందు. 2-4 అంటే రెండు పాయింట్ నాలుగు అంగుళాలు కాదు. రూపాయికి పదహారు అణాలన్నట్టు ఇక్కడ అంగుళానికి పదహారు భాగాలు. రెండంగుళాల నాలుగు పదహారో వంతులు, అంటే రెండుంపావు, లోపలి వ్యాసం 57 మి.మీ. 2-6 అంటే 60 మి.మీ., 2-8 అంటే 63 మి.మీ. దాటి. ఆన్‌లైన్‌లో 2.4 అని చూసి స్కేలుతో కొలుచుకునేవాళ్లకి గాజు చిన్నదై చేతికి దూరనిది ఇందుకే. పాపకి: బొటనవేలు అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదళ్ల దగ్గర చెయ్యి ఎక్కడ లావుగా ఉంటే అక్కడ టేపు చుట్టండి. వచ్చిన చుట్టుకొలతని 3.14తో భాగించండి. 17 సెం.మీ. వస్తే వ్యాసం 54 మి.మీ., అది 2-2. ఆడపడుచుల గాజులు వెడల్పాటి కడాలైతే ఒక కొలత పెద్దది తీసుకోండి. సన్నటివి ఒక్కొక్కటిగా వంచి తోయొచ్చు, వెడల్పుది అలా దూరదు. లక్క సాగదు, బలవంతం చేస్తే అతుకు దగ్గర విరుగుతుంది.

లాడ్‌బజార్ చార్మినార్‌కి పడమటి రోడ్డు, మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాకా. దుకాణాలు పదకొండుకి గానీ పూర్తిగా తెరవరు. మొదటి వరస దుకాణాల్లో మెరుపు ఎక్కువ, బేరం తక్కువ. లోపలికి వెళ్లేకొద్దీ గల్లీల్లో తయారుచేసేవాళ్లే కూర్చుని కనిపిస్తారు, అక్కడ ఆగి చూడండి. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దని మెత్తబరిచి, చెక్కతో దొర్లించి కడ్డీ లాగుతారు. దాన్ని వంచి కొసలు కలిపి, మొద్దుమీద ఎక్కించి కొలతకి తెస్తారు. ఆ గాజుని మళ్లీ సెగకి చూపించి, అది మెత్తగా ఉన్న కొద్ది క్షణాల్లో రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. చల్లారితే రాయి దిగదు, ఎక్కువ కాగితే పక్క రాళ్లు కదిలిపోతాయి. అందుకే చెయ్యి ఆగదు, కుంపటికీ ఒడికీ మధ్య ఊయలలా తిరుగుతూనే ఉంటుంది. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొనేటప్పుడు గాజు లోపలివైపు వేలు తిప్పండి. అతుకు గరుకుగా తగిలితే వద్దు, చర్మం గీసుకుంటుంది. గోటితో రాయి అంచుని మెల్లగా ఎత్తి చూడండి. లక్కలో దిగిన రాయి కదలదు, జిగురుతో అంటించింది కదులుతుంది. చౌకవాటిలో అద్దం బదులు ప్లాస్టిక్ రాళ్లుంటాయి, కొన్ని నెలల్లో మసకబారతాయి. పెదవికి తాకిస్తే అద్దం చల్లగా ఉంటుంది, ప్లాస్టిక్ ఉండదు. సెట్టు మొత్తం విప్పించి లెక్కపెట్టండి, డబ్బాలో పైవరసే బాగుండటం మామూలు. కొలత కాస్త తేడాగా ఉంటే కొందరు అక్కడే కాచి సరిచేసి ఇస్తారు. రాళ్లు పొదిగిన వెడల్పు గాజుకి అది కుదరదు.

బేరం చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టడం పాత సలహా, అందరికీ తెలిసిపోయి ధరలే ఆ లెక్కన చెబుతున్నారు. మూడు దుకాణాల్లో ఒకే రకం అడిగి, నాలుగో దుకాణంలో కొనండి. ఇంటికెళ్లాక నీళ్లు, నూనె, సెంటు తగలనీయకండి. వేసవిలో ఎండలో ఆపిన కారులో పెడితే గాజులన్నీ ఒక ముద్దవుతాయి.

పత్తర్‌గట్టి_పాదచారి
ముత్యాలకి పత్తర్‌గట్టి, చార్‌కమాన్. ఇప్పుడు ఇక్కడ అమ్మేవాటిలో చాలా భాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచిన ముత్యాలే, హైదరాబాద్ పేరు వ్యాపారానికీ రంధ్రాలు వేసి గుచ్చే పనితనానికీ వచ్చింది. ఇందులో మోసమేమీ లేదు, పెంచినవీ నిజమైన ముత్యాలే. మోసం ఏమిటంటే బస్రా అని చెప్పి అమ్మడం. అవి గల్ఫ్ సముద్రపు పాత ముత్యాలు, మామూలు లైను (ముత్యాల వరస) ధరకి రావు. ఎవరైనా తక్కువకి బస్రా అంటే లేచి వచ్చేయండి.

పరీక్ష: రెండు ముత్యాల్ని ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దితే సన్నటి ఇసకలా తగలాలి, పొడి రాలుతుంది, తుడిస్తే గీత ఉండదు. గాజుపూసలు జారిపోతాయి. దుకాణదారు లైటర్‌తో కాల్చి చూపించడం ఒక తంతు. ప్లాస్టిక్ కాదని తేలుతుంది, అంతే. లోపల గాజు, పైన పూత ఉన్నది కాసేపు మంటకి నిలబడుతుంది. నమ్మదగ్గది రంధ్రం. భూతద్దం అడిగి రంధ్రం అంచు చూడండి, పూత పూసిందైతే అక్కడ పొరలా లేచి ఉంటుంది. లైను బరువు మీద అమ్ముతారు కాబట్టి తూకం మీ ఎదురుగా, కొక్కెం లేకుండా. బిల్లు మీద ముత్యం రకం, బరువు రాయించండి. గుచ్చేటప్పుడు ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయించండి, దారం తెగినా ఒక్కటే పోతుంది.

లక్కముద్ర
ముడి వేయడానికి టైము పడుతుంది, చాలా దుకాణాల్లో మర్నాడు రమ్మంటారు. మీకు రెండు రోజులే కాబట్టి ముత్యాలు శుక్రవారమే కొని గుచ్చడానికి ఇచ్చేయండి, శనివారం తీసుకోవచ్చు. గాజులు శుక్రవారం నాలుగూ ఆరూ మధ్య. ఏడు తర్వాత లాడ్‌బజార్‌లో అమ్మగారితో నడవలేరు.

గోదారిగట్టు
మరి శనివారం?

పత్తర్‌గట్టి_పాదచారి
పదింటికి సాలార్‌జంగ్ తెరుస్తారు, మొదటి వరసలో ఉండండి. బ్యాగులు కౌంటర్లో పెట్టాలి. అంతా చూడాలనుకోకండి, అది రోజు పని. మీగడ తెరలాంటి ముసుగున్న రెబెక్కా పాలరాతి బొమ్మ, 1876లో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. అది చూసి, 11 కొట్టడానికి పది నిమిషాల ముందు సంగీత గడియారం హాలుకి చేరండి. గంట కొట్టేముందు లోపల్నుంచి చిన్న గడ్డపు బొమ్మ బయటికొచ్చి కంచు మోగించి వెళుతుంది. అక్కడ బెంచీలు వేసి ఉంటాయి, అమ్మగారికి కూర్చోవడం కుదురుతుంది. పన్నెండుకి ఎక్కువ దెబ్బలు కొడుతుందని అందరూ అప్పుడే వస్తారు, పాపకి ఏమీ కనపడదు. 11 చాలు. మరుగుదొడ్డి అవసరాలు ఇక్కడే తీర్చుకోండి, తర్వాత చౌమహల్లా లోపల తప్ప దారిలో బాగున్నవి లేవు.

మధ్యాహ్నం భోజనం తర్వాత ఆటోలో ఖిల్వత్‌లో ఉన్న చౌమహల్లాకి. 1750లో సలాబత్ జంగ్ మొదలుపెడితే, 1857 తర్వాత అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు. అందరూ అవి చూసి వెనక్కి తిరుగుతారు. దక్షిణం ఆవరణలో నాలుగు మహళ్లు తోట చుట్టూ ఉన్నాయి, అసలు పేరు వాటివల్లే. నీడ, బల్లలు ఉంటాయి. పాత కార్ల దగ్గర పసుపు రంగు 1912 రోల్స్‌రాయిస్ పాపకి చూపించండి. నాలుగున్నర దాటాక గదులు మూయడం మొదలవుతుంది, రెండింటికల్లా లోపల ఉండండి.

మక్కా మసీదు మధ్యలో ఎక్కడ పెట్టాలంటే, చౌమహల్లాకి వెళ్లేముందు కాదు, వచ్చాక. ఆవరణ పరుపు రాళ్లు మధ్యాహ్నం అరికాళ్లు కాలుస్తాయి, వేసవైతే మందపాటి మేజోళ్లు తెచ్చుకోండి. 1617లో మొదలై 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసింది. దక్షిణం వైపు వరసలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా సమాధులు. నమాజు హాలు లోపలికి కాకుండా ఆవరణలోంచే చూడాలి. గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు.

మూసీవొడ్డు
ఎప్పుడొస్తున్నరో తారీఖు చెప్పలే. ఆషాఢంల లాల్‌దర్వాజ బోనాలైన తెల్లారి, సోమవారం నాడు, అక్కన్నమాదన్న గుడి ఘటం ఏనుగు మీద చార్మినార్ ముంగట్నుంచే నయాపూల్ దాక పోతది. సూడాల్నంటే మస్తుంటది గని నడిచి తిరగనీకి గాదు. మొహర్రం పదో రోజు, గణేశ్ నిమజ్జనం రోజు గూడ రోడ్లు బంద్. రంజాన్‌ల రాత్రి బజారు బాగుంటది, ఆఖరి పది రోజులల్ల మాత్రం అవ్వను తేకుర్రి.

పరిశీలకుడు
ఈ వేదిక నిర్వాహకుల గమనిక: పండుగల గురించి సమాచారం వరకు సరే, అక్కణ్నుంచి రాజకీయాల్లోకి వెళ్లిన మూడు వ్యాఖ్యలు తీసేశాం.

కెమెరాకన్ను
తెలుగు పుస్తకాలంటే ఇష్టమైతే, అదే గ్రీన్ లైన్‌లో ఎంజీబీఎస్‌కి ముందు స్టేషన్ సుల్తాన్ బజార్. అక్కడ 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. పాతబస్తీ కాదు గానీ నది ఇవతలే. ఇక మల్కిభరాముడని తెలుగు కవులు పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించిన పురానాపూల్ మీద ఇప్పటికీ జనం తిరుగుతూనే ఉన్నారు. ఆ వంతెన ఊరికంటే పదమూడేళ్లు పెద్దది.

గోదారిగట్టు
అందరికీ చాలా థాంక్సండి. తారీఖు ఫిబ్రవరిలో, రంజాన్ మొదలవ్వకముందే. పాప చెయ్యి కొలిచాను, చుట్టుకొలత 16.5 వచ్చింది. భాగిస్తే 52.5 మి.మీ. 2-2 తీసుకోవాలా, ఇంకా చిన్నదా?

లక్కముద్ర
2-2 అంటే 54. పాపది 52.5, అంటే చేతిలోకి సులువుగా వెళుతుంది, కాస్త వదులుగా ఉంటుంది. 2-0 అయితే 51కి తక్కువ, దూరదు. పదేళ్ల పిల్ల గనక 2-2 తీసుకోండి, వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. మరీ జారితే డజను ఎక్కించి ముందు ఒక బిగువు రబ్బరు గాజు వేయండి.